ఇంట్లోవాళ్ల కొలతకు సాక్సులు, స్వెట్టర్లు: ప్యాటర్న్ లెక్క మార్చుకోవడం ఎలా?

మా ఆయన కోసమని రెండు నెలలు కూర్చుని అల్లిన స్వెట్టర్ చివరికి మా పన్నెండేళ్ల అబ్బాయికి సరిపోయింది. ప్యాటర్న్ అమెరికాది. అందులో 8 నంబరు సూదులు వాడమని రాసుంది. నా డబ్బాలో 8 నంబరు సూదులు ఉన్నాయి కదా అని మొదలుపెట్టేశాను. మన బజార్లో దొరికే సూదుల మీద చాలావరకు పాత బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. ఆ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. పైగా బ్రిటిష్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకి నలభై రెండు అంగుళాల స్వెట్టర్ ముప్ఫై నాలుగుకి దిగిపోయింది.

అప్పట్లో మేం ఢిల్లీలో ఉండేవాళ్లం. ఎదురింటి పంజాబీ ఆంటీ చలికాలం ఎండలో డాబా మీద కూర్చుని, ఏ కాగితమూ చూడకుండా ఇంటిల్లిపాదికీ అల్లేసేది. మధ్యమధ్యలో వాళ్లాయన్ని పిలిచి, సూదులతో సహా ఆ సగం అల్లికని ఆయన వీపుకి ఆనించి చూసుకునేది. ప్యాటర్న్ రాసినవాళ్లు మన ఇంట్లోవాళ్లని చూడలేదు, మనం రోజూ చూస్తున్నాం. ఆ చూపుకి కాస్త గుణకారం కలిపితే చాలు. సీదా, ఉల్టా అల్లడం, పెంచడం, తగ్గించడం వచ్చినవాళ్లకి పనికొచ్చేలా ఆ లెక్క చెబుతాను.

1. ముందు శాంపిల్ ముక్క

తప్పించుకోవాలని అందరికీ అనిపించే పని ఇదే. అసలు అల్లికకి వాడబోయే ఊలుతో, అవే సూదులతో కనీసం ఆరంగుళాల చదరం అల్లండి. దాన్ని ఉతికి, పరిచి ఆరబెట్టండి. ఉతక్కముందు కొలిస్తే ఉపయోగం లేదు, స్వెట్టర్ జీవితమంతా ఉతికిన కొలతలోనే ఉంటుంది. అంచులు వదిలేసి, మధ్యలో నాలుగంగుళాల మేర కుట్లు లెక్కపెట్టండి, తర్వాత వరసలు. నాలుగంగుళాలకి 22 కుట్లు వస్తే అంగుళానికి అయిదున్నర. ఆ అర కుట్టుని వదిలేయకండి. దాని సంగతి స్వెట్టర్ దగ్గర చెబుతాను.

సాక్సుల్లాంటివి గుండ్రంగా అల్లుతాం కాబట్టి శాంపిల్ కూడా గుండ్రంగానే అల్లాలి. చాలామందికి ఉల్టా వరస సీదా కంటే కాస్త వదులుగా పడుతుంది. గుండ్రంగా అల్లేటప్పుడు ఉల్టా వరసే రాదు, అందుకే ఒకే చేతి అల్లికైనా కొలత మారిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా దొరికేది యాక్రిలిక్ ఊలు. దాని ముక్కని ఇస్త్రీ చేసి చూడొద్దు. వేడికి అది సాగి, బిగువు పోయి గుడ్డపేలికలా వేలాడుతుంది, మళ్లీ మామూలవదు.

2. సాక్సులు: పాదం చుట్టుకొలతతో మొదలు

సాక్సు పాదం కంటే చిన్నదిగా ఉండాలి. సాగి పట్టుకోవాలి కాబట్టి చుట్టుకొలతలో పది శాతం తగ్గించి అల్లుతాం. వేళ్ల మొదట్లో, పాదం బాగా వెడల్పున్న చోట టేపు చుట్టి కొలవండి.

మా ఆయనకి తొమ్మిదిన్నర అంగుళాలు. పది శాతం తీస్తే 8.55. 2.25 మిల్లీమీటర్ల సూదులతో, సన్నటి సాక్సు ఊలుతో నాకు అంగుళానికి 8 కుట్లు వస్తాయి. 8.55ని 8తో గుణిస్తే 68.4. రెండు సీదా, రెండు ఉల్టా రిబ్బు (సాగే పట్టీ అల్లిక) సరిగ్గా కలవాలంటే నాలుగుతో భాగించబడే అంకె కావాలి కాబట్టి 68. ప్యాటర్న్‌లో 64 అని ఉన్నా నేను వేసేది 68. అదే లెక్కలో ఆరున్నర అంగుళాల పిల్లాడి పాదానికి 46.8 వస్తుంది, 48 వేస్తాను.

ఈ పది శాతం మా అత్తగారి దగ్గర పనిచేయలేదు. ఆవిడకి సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. పొద్దున్న కొలిచి అల్లిన మొదటి జత విప్పితే పిక్క కింద గాడి పడి ఉంది. “సాక్సులు బాగున్నాయమ్మా, తీశాక ఇంకా బాగుంది” అన్నారు. అలాంటివాళ్లకి సాయంత్రం కొలవండి, అయిదు శాతం కంటే ఎక్కువ తగ్గించొద్దు. ఆవిడకి సాయంత్రం పాదం తొమ్మిదిన్నర, అయిదు శాతం తీస్తే 9.025, ఎనిమిదితో గుణిస్తే 72 కుట్లు. మా ఆయనదీ అదే కొలత, అయినా ఆవిడ సాక్సుకి నాలుగు కుట్లు ఎక్కువ. పై అంచు దగ్గర ఒక సైజు లావు సూదితో మొదలుపెడితే ఇంకా వదులుగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లయితే లోపల ముడులు, ఎత్తుగా వచ్చే అతుకులు లేకుండా చూడండి. పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకి ఒరిపిడి తెలియకుండానే పుండు పడొచ్చు.

3. మడమ, పాదం పొడవు

మడమ పట్టీ సగం కుట్ల మీద వస్తుంది. 68లో సగం 34, మామూలుగా 34 వరసలు అల్లి, రెండు వరసలకి ఒకటి చొప్పున పక్కల 17 కుట్లు ఎత్తుకుంటాం. పాదం పైభాగం ఎత్తుగా ఉండేవాళ్లకి ఈ సాక్సు ఎక్కదు. మొత్తం సాక్సు పెంచకుండా మడమ పట్టీని 40 వరసలు చేసి, పక్కల 20 కుట్లు ఎత్తండి. ఎక్కువైన కుట్లు తర్వాత రెండు పక్కలా తగ్గించుకుంటూ 68కి వచ్చేస్తాయి, కాస్త ఎక్కువ వరసలు పడతాయి, అంతే.

పొడవుకి పాదం కంటే అరంగుళం తక్కువ అల్లాలి. పదంగుళాల పాదానికి తొమ్మిదిన్నర. అందులో వేళ్ల దగ్గర తగ్గింపులకి సుమారు రెండంగుళాలు పోతాయి కాబట్టి, మడమ వెనక నుంచి ఏడున్నర అంగుళాలకి రాగానే తగ్గింపు మొదలుపెట్టండి. వరస విడిచి వరస నాలుగేసి కుట్లు తగ్గిస్తూ 36కి, అక్కణ్నుంచి ప్రతి వరసా తగ్గిస్తూ 20కి వచ్చి, పది పది ఎదురెదురుగా పెట్టి దబ్బనంతో అతుకు కనబడకుండా కుట్టేయండి.

దూరంగా ఉన్న మనిషికి అల్లుతుంటే చెప్పుల సైజు అడిగి సరిపెట్టుకోకండి. కాగితం మీద నిలబడి పెన్సిల్‌తో గీసిన పాదం ఫోటో కంటే, ఆ గీత పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడగండి. చుట్టుకొలత మాత్రం టేపు లేకపోతే దారం చుట్టి కొలిచి పంపమనాలి.

4. స్వెట్టర్: మనిషిని కాదు, ఆ మనిషికి నచ్చిన స్వెట్టర్ని కొలవండి

టేపు పట్టుకుని ఎదురుగా నిలబడితే మగవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. వాళ్లు రోజూ వేసుకునే పాత స్వెట్టర్ అబద్ధం చెప్పదు. దాన్ని మంచం మీద పరిచి చంకల కింద వెడల్పు, భుజం నుంచి అంచు దాకా పొడవు, చంక నుంచి మణికట్టు దాకా చెయ్యి, జబ్బ వెడల్పు రాసుకోండి. వెడల్పుల్ని రెట్టింపు చేయండి.

ప్యాటర్న్‌లో సైజు అంటే ఛాతీ కొలతా, తయారైన స్వెట్టర్ కొలతా అన్నది ముందు చూసుకోండి. చొక్కా మీద వేసుకునే స్వెట్టర్ ఛాతీ కంటే రెండు నుంచి నాలుగంగుళాలు ఎక్కువుండాలి. ఢిల్లీ చలికి లోపల ఇంకో పొర వేసుకుంటారు, నాలుగు కావాలి. హైదరాబాద్ డిసెంబరుకి రెండు చాలు.

ఇప్పుడా అర కుట్టు సంగతి. ప్యాటర్న్ అంగుళానికి 5 కుట్లు అంటోంది, మీకు అయిదున్నర వస్తోంది. కావలసింది 42 అంగుళాలు. ప్యాటర్న్ 42 సైజుకి 210 కుట్లు వేయమంటుంది. 210ని 5.5తో భాగిస్తే 38.2. దాదాపు నాలుగంగుళాలు గల్లంతు. మీకు కావలసింది 42 ఇంటూ 5.5, అంటే 231. ప్యాటర్న్‌లో 230 కుట్లున్న సైజు ఏదో వెతకండి. 46 సైజు అవుతుంది. ఇక కుట్ల అంకెలన్నీ 46 సైజువి తీసుకోండి, అంగుళాల్లో చెప్పిన పొడవులన్నీ 42 సైజువి తీసుకోండి. ప్యాటర్న్ తిరగరాయక్కర్లేదు. సూది మార్చి గేజ్ (అంగుళానికి వచ్చే కుట్ల లెక్క) కుదిర్చే ప్రయత్నం కంటే నాకిదే నచ్చుతుంది, ఎందుకంటే నా చేతికి వచ్చే బిగువులో బట్ట బాగుంటే దాన్నెందుకు చెడగొట్టుకోవాలి?

ఒక్క చోట జాగ్రత్త. మెడ నుంచి కిందికి రాగ్లాన్ (మెడ నుంచి చంక దాకా చెయ్యి ఏటవాలుగా కలిసే రకం) అల్లేటప్పుడు ఆ లోతు వరసల లెక్కలో ఉంటుంది. రెండు వరసలకోసారి పెంచుతూ 30 సార్లు అంటే 60 వరసలు. అంగుళానికి 7 వరసల వాళ్లకి ఎనిమిదిన్నర అంగుళాల లోతు వస్తుంది, 8 వరసల వాళ్లకి ఏడున్నరే. చంకలో కోసుకుపోతుంది. కింది భాగంలో అక్కడక్కడా పెంపు లేని వరసలు మొత్తం ఎనిమిది కలిపితే సరి.

5. పొట్ట, చేతులు

పొట్ట ఉన్నవాళ్లకి మొత్తం స్వెట్టర్ పెద్దది చేస్తే భుజాలు జారిపోతాయి. సైజు ఛాతీకే ఉంచండి. పొట్ట వల్ల ముందు అంచు పైకి లేస్తుంది, వెనక మామూలుగా ఉంటుంది. కాబట్టి ముందు భాగానికి మాత్రమే పొడవు కావాలి. పొట్ట బాగా ఎత్తుండే చోటికి వచ్చాక, ముందు కుట్ల మీదే పక్క చివర్లకి పోకుండా మధ్యలో తిప్పి వెనక్కి రండి. తిప్పినచోట కన్నం పడకుండా ఊలుని పక్క కుట్టు చుట్టూ ఒకసారి చుట్టి తిప్పాలి. ఒకసారి పోయి వస్తే రెండు వరసలు. అంగుళానికి ఏడు వరసలైతే, ఇలా అయిదు సార్లు తిరిగితే దాదాపు అంగుళంన్నర పెరుగుతుంది. ప్రతిసారీ మూడు నాలుగు కుట్లు ముందే తిరగండి, మెట్టు కనబడదు. మా ఆయనకి ఇలా చేశానని ఇప్పటికీ తెలియదు.

చేతులకి పెంపులు ఎక్కడ పడాలో ప్యాటర్న్ చెప్పిన చోట కాకుండా ఇలా తేల్చుకోండి. మణికట్టు దగ్గర 44 కుట్లు, జబ్బ దగ్గర 68 కావాలి. తేడా 24. ఒక్కో పెంపు వరసలో రెండు పక్కలా కలిపి రెండు పెరుగుతాయి, కాబట్టి 12 పెంపు వరసలు. చెయ్యి పొడవు 17 అంగుళాలు, రిబ్బు రెండంగుళాలు తీసేస్తే 15, అంగుళానికి ఏడు చొప్పున 105 వరసలు. 105ని 12తో భాగిస్తే 8.75. ప్రతి 8 వరసలకోసారి పెంచండి, చివర్లో తొమ్మిది వరసలు తిన్నగా పోతాయి. చేతులు పొట్టిగా ఉన్న మనిషికయితే ఈ భాగహారం మళ్లీ చేయాలి. ఊరికే పై రెండంగుళాలు అల్లడం మానేస్తే జబ్బ దగ్గర బిగుస్తుంది.

6. పిల్లలకి

పిల్లల ఒంటికి తల పెద్దది. మెడ అందంగా కుదిరినా తల దూరకపోతే ఆ స్వెట్టర్ బొమ్మకి తొడగాల్సిందే. తల చుట్టుకొలత కొలిచి, మెడ పట్టీ సాగదీస్తే అంతకి వస్తుందో లేదో కుట్లు మూసేముందే చూసుకోండి. రెండు సైజులు లావు సూదితో మూస్తే సాగుతుంది. బొత్తిగా చిన్నవాళ్లకి ఒక భుజం మీద మూడు గుండీలు పెట్టడం మేలు.

పిల్లలు ముందు పొడవు పెరుగుతారు, వెడల్పు నిదానంగా పెరుగుతారు. అందుకని మెడ నుంచి కిందికి అల్లుతాను. అంచూ, చేతుల చివర్లూ ఆఖరున మూస్తాం కాబట్టి, వచ్చే ఏడు ఆ మూత విప్పి అక్కణ్నుంచే రెండంగుళాలు దింపుకోవచ్చు. దానికి అదే రంగు ఊలు కావాలి. ఒకే రంగైనా ఒక్కో విడత అద్దకంలో కాస్త మారుతుంది. కొనేటప్పుడే ఒక ఉండ ఎక్కువ కొని, లాట్ నంబరు (ఏ విడత అద్దకమో చెప్పేది) ఉన్న లేబుల్‌తో సహా, కుట్ల లెక్క రాసుకున్న కాగితంతో పాటు ఒక కవర్లో వేసి దాచండి. మా ఇంట్లో ఆ కవర్లు బీరువా కింది అరలో ఉంటాయి, ఒక్కోదాని మీదా మనిషి పేరు.