షెల్ టెస్టులు పచ్చగా వచ్చాయని రిలీజ్ చేసే ముందు

రిలీజ్ దగ్గర పడేకొద్దీ అందరి చూపూ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థలో) వచ్చే పచ్చ టిక్కు మీదే ఉంటుంది. ఎర్రగా వచ్చిన టెస్టును నలుగురూ తెరిచి చూస్తారు, పచ్చగా వచ్చినదాని జోలికి ఎవరూ పోరు. షెల్ టెస్టులతో, అంటే కమాండ్లను వరసగా నడిపే షెల్ స్క్రిప్టులుగా రాసిన టెస్టులతో, అసలు చిక్కు అక్కడే. మధ్యలో ఏ కమాండ్ ఫెయిలైనా షెల్ పట్టించుకోకుండా తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. ప్రతి కమాండ్ ముగిసేటప్పుడు ఒక ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది, సున్నా అంటే పాస్. చివరి కమాండ్ సున్నా ఇస్తే చాలు, స్క్రిప్టు మొత్తం పాసైనట్టే.

దీనికి మందుగా చాలామంది మొదటి లైన్లోనే 'సెట్ మైనస్ ఇ' (set -e, కమాండ్ ఫెయిలైతే స్క్రిప్టును ఆపేసేది) పెట్టేసి నిశ్చింతగా ఉంటారు. పెట్టండి, తప్పులేదు. కానీ ఇఫ్ షరతులో ఉన్న కమాండ్‌కీ, &&, || లకు ఎడమవైపు ఉన్నదానికీ అది వర్తించదు. ఏదైనా ఫంక్షన్‌ను ఇఫ్‌లో పెట్టి పిలిచారంటే, ఆ ఫంక్షన్ లోపలి లైన్లన్నిటికీ కూడా ఆ రక్షణ పోతుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండకూడదని ముందు ! (ఫలితాన్ని తిరగేసే గుర్తు) పెట్టి గ్రెప్ (టెక్స్టులో పదాలు వెతికే కమాండ్) రాస్తుంటారు కదా, స్క్రిప్టు మధ్యలో ఆ లైను ఎప్పటికీ ఆపదు. ఎర్రర్ దొరికినా సరే.

పైపులు, అంటే ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి పంపే | గుర్తులు, ఇంకా ప్రమాదం. ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను నేరుగా గ్రెప్‌కు పంపితే మిగిలేది గ్రెప్ ఇచ్చిన కోడే. మనకు కావలసిన లైను ప్రింట్ చేశాక ప్రోగ్రామ్ క్రాషైనా టెస్టు పాసే. బాష్ అనే షెల్‌లో దీనికి 'పైప్‌ఫెయిల్' (పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలనే సెట్టింగ్) ఉంది, యునిక్స్ తరహా సిస్టమ్‌లకు వర్తించే 2024 పోజిక్స్ ప్రమాణంలోకీ వచ్చింది. అయితే అది ఆన్‌లో ఉండగా 'గ్రెప్ మైనస్ క్యూ' వాడితే, మొదటి మ్యాచ్ దొరకగానే గ్రెప్ తప్పుకుంటుంది, అవతల ఇంకా రాస్తున్న ప్రోగ్రామ్ పైపు తెగడం వల్ల 141 కోడ్‌తో చచ్చిపోవచ్చు. అదీ ఒక్కోసారే జరుగుతుంది, ఇక టెన్షన్ చూడండి! అందుకే నేనైతే అవుట్‌పుట్‌ను ముందు ఒక ఫైల్లోకి తీసుకుని, ఎగ్జిట్ కోడ్ చూసి, ఆ తర్వాతే గ్రెప్ చేస్తాను. తేడా వస్తే చూసుకోవడానికి ఆ ఫైలూ మిగులుతుంది.

రెండు కమాండ్ల ఫలితాలను డాలర్ బ్రాకెట్లలో, అంటే $( )లో, పెట్టి ఒకే లైన్లో పోల్చడం మరీ మోసం. రెండూ ఫెయిలైతే అటూ ఖాళీ, ఇటూ ఖాళీ. ఖాళీ, ఖాళీ సమానమే కాబట్టి టెస్టు పాస్! ఒక్కోదాన్ని విడిగా వేరియబుల్‌లోకి తీసుకోండి. ఫంక్షన్లలో 'లోకల్' డిక్లరేషన్ ఒక లైన్లో, విలువ ఇవ్వడం ఇంకో లైన్లో ఉండాలి. కలిపి రాస్తే లోపలి కమాండ్ ఫెయిలైనా 'లోకల్' ఇచ్చే సున్నా దాన్ని కప్పేస్తుంది. షెల్‌చెక్ (షెల్ స్క్రిప్టుల్లో తప్పులు వెతికే టూల్) నడిపితే ఇది పట్టిస్తుంది.

కమాండ్ ఫెయిల్ కావాలని ఆశించే టెస్టుల్లో సున్నా కాకపోతే చాలనుకోకండి. పేరు తప్పు రాస్తే 127 వస్తుంది, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే మామూలుగా 139 వస్తుంది. రెండూ సున్నా కావు మరి. ప్రోగ్రామ్ ఇవ్వాల్సింది 2 అయితే సరిగ్గా 2 వచ్చిందా అని చూడండి.

ఇవన్నీ సరిచేశాక, టెస్టు చేస్తున్న ప్రోగ్రామ్ పేరును స్క్రిప్టులో కావాలనే తప్పుగా మార్చి ఒకసారి నడపండి. అప్పుడూ పచ్చగా వచ్చిన ప్రతి టెస్టునూ మళ్లీ రాయాల్సిందే. అలాగే కమాండ్ ఫెయిలైనా పాసైనట్టు చూపించే '|| ట్రూ' ఎక్కడెక్కడ ఉందో వెతకండి. ఎందుకు పెట్టారో పక్కన కామెంట్ లేకపోతే తీసేసి, ఏది ఎర్రబడుతుందో చూడండి.