డాబా మీదికి పిట్టలు రావాలంటే ఏం పెట్టాలి?

విజయవాడలో మా డాబా మీద మొదట్లో మిగిలిన అన్నం, కారప్పూస పెట్టేవాణ్ణి, వచ్చినవన్నీ కాకులూ పావురాలే. ఉప్పూ నూనె తగిలినవి పిట్టలకు మంచివి కావు, మానేయండి. పిచ్చుకలు కావాలంటే నూకలు, సజ్జలు, కొర్రలు గుప్పెడు చాలు, ఇంకా మంచిది పాతకాలంలోలా వరికంకుల కుచ్చు వసారాలో వేలాడదీయడం, దాన్ని పట్టుకుని ఊగుతూ ఒక్కో గింజా ఒలిచి పొట్టంతా కింద రాలుస్తాయి (ఊడ్చుకోవాలి, తప్పదు). పికిలిపిట్టకైతే బాగా మగ్గిన అరటిపండో బొప్పాయి ముక్కో. తేనెపిట్ట కోసం పంచదార నీళ్లతో తంటాలు ఎందుకు, ఒక మందార మొక్క వేయండి. గూట్లో పిచ్చుక పిల్లలకు మాత్రం ముఖ్యంగా పురుగులే తిండి, అందుకే మొక్కలకు పురుగుమందు కొట్టకండి. ఎండాకాలం లోతు తక్కువ మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి.