గీజర్ పాఠాలు – 4: ట్యాంకు పోయిందా, వాషర్ పోయిందా?

కిందటి పాఠంలో గీజర్ అడుగు మూత విప్పి, ఎలిమెంటు దింపి, దానికి పట్టిన సున్నం గీకడం దాకా వచ్చాం. ఆ పని చేసినవాళ్ళు బకెట్లో రాలిన పెచ్చులు చూసే ఉంటారు. చేయనివాళ్ళు ముందు అది పూర్తిచేసి రండి. ఈ పాఠంలో చూడమనేవాటిలో సగం ఆ మూత విప్పితేనే కనిపిస్తాయి. ఈసారి సంగతి, గీజర్‌ని ఎప్పటిదాకా బాగుచేసుకోవచ్చు, ఎప్పుడు దింపేయాలి అన్నది.

మా అమ్మమ్మగారింట్లో పెరట్లో రాగి కాగు ఉండేది. కొబ్బరి డొక్కలు, మట్టలు ఎగదోసి నీళ్ళు కాచేవాళ్ళు. చిల్లు పడితే మాటు వేసేవాడొచ్చి మాటు వేసి వెళ్ళేవాడు. ఆ కాగుని రెండు తరాలు వాడారు. మనవాళ్ళు గీజర్ దగ్గర పొరబడేది ఇక్కడే. కొందరు దీనికీ ఏదో ఒక మాటు దొరక్కపోదనుకుంటారు. ఇంకొందరు ఒక్క చుక్క కారగానే మొత్తం పోయిందని కొట్టుకి పరిగెడతారు.

గీజర్లో ట్యాంకు తప్ప అన్నీ మార్చుకోవచ్చు. ఎలిమెంటు, నీళ్ళు చాలినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అది ఆపకపోతే కరెంటు తెంచే కట్-అవుట్, ఒత్తిడి పెరిగితే నీళ్ళు వదిలే వాల్వు, రబ్బరు గాస్కెట్, మెగ్నీషియం కడ్డీ, అన్నీ విడిగా దొరుకుతాయి, చాలావరకు వందల్లో అయిపోతాయి. ట్యాంకుకి మాత్రం మాటు లేదు. అది చాలా గీజర్లలో పలచటి ఇనప రేకు, లోపల గాజులాంటి ఎనామెల్ పూత కాల్చి పెడతారు. చిల్లు దగ్గర వెల్డింగ్ పెడితే చుట్టూ ఉన్న పూత మాడి రాలిపోతుంది, అక్కడినుంచి కొత్త తుప్పు మొదలవుతుంది. పోనీ బయటనుంచి ఎం-సీల్ పెడదామా అంటే ట్యాంకు చేతికి అందదు. దాని మీద నురుగు పొర, ఆ పైన బయటి డొప్ప. కాబట్టి మీ గీజర్‌కి ఏ రోగం వచ్చినా మీరు తేల్చుకోవలసింది ఒక్కటే, అది ట్యాంకుదా, వేరేదానిదా?

కారుతోంది అన్నప్పుడు

పోయిన భోగికి ముందు పక్కింటి పిన్నిగారు పిలిచారు. గీజర్ కింద నేల తడిగా ఉంటోందట. అంతకుముందు రోజు ఒకాయన వచ్చి, మూతయినా విప్పకుండా, ట్యాంకు పోయిందండి, కొత్తది పెట్టేద్దాం అని చెప్పి వెళ్ళాడు.

"ఏం అబ్బాయ్, పండక్కి ఇదో ఖర్చా? కొనాల్సిందేనా?" అన్నారావిడ.

"ఆగండి పిన్నిగారూ. పాత పేపరొకటి ఇవ్వండి."

"దేనికీ, తుడవడానికా?"

"ఎక్కడ తడుస్తుందో చూడ్డానికండి."

ముందు మెయిన్ బోర్డులో గీజర్ లైన్‌ని తెంచే ఎంసీబీ దించాను. గోడ మీది స్విచ్ ఒక్కటీ ఆపితే చాలదు. అది న్యూట్రల్‌ మీద ఉండి ఫేజు అలాగే వస్తున్న ఇళ్ళు నేను చాలా చూశాను. తర్వాత గీజర్ అడుగంతా పొడిగుడ్డతో తుడిచి, పేపరుని వేలెడు ముక్కలుగా చించి నాలుగు చోట్ల చుట్టాను. చన్నీళ్ళ పైపు నట్టు దగ్గర ఒకటి, వేణ్ణీళ్ళ నట్టు దగ్గర ఒకటి, వాల్వు మూతికి ఒకటి, ప్లాస్టిక్ మూత విప్పి ఎలిమెంటు బిగించిన పళ్ళెం చుట్టూ ఒకటి. డొప్ప అంచు కింద ఇంకో పెద్ద ముక్క పరిచాను. వైర్ల కొసలు బయటికి కనపడకుండా చూసుకుని కరెంటు వేసి, ఎవరినీ అటు వెళ్ళొద్దని చెప్పి, టీ తాగి వచ్చాం. మళ్ళీ ఎంసీబీ దించి చూస్తే వాల్వు దగ్గర ముక్క ఒక్కటే తడిసి జారిపడింది. మిగతావి కరకరలాడుతున్నాయి.

అది రోగమే కాదు. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. 28 డిగ్రీల నీళ్ళు 60కి వెళితే నూటికి ఒక వంతు కంటే కాస్త ఎక్కువే పెరుగుతాయి, అంటే 15 లీటర్ల గీజర్లో దాదాపు 200 మిల్లీలీటర్లు, ఓ గ్లాసెడు. వెనక్కి పోనివ్వని వాల్వు ఉన్న గీజర్లో ఆ గ్లాసెడుకీ దారి ఆ చిన్న వాల్వు మూతి ఒక్కటే. కాగేటప్పుడు కారి, ఆపాక ఆగిపోతే వాల్వు తన పని తను చేస్తోందన్నమాట. దానికి చిన్న గొట్టం తగిలించి బకెట్లోకో, తూములోకో వదలండి. ఆపేశాక కూడా కారుతుంటే వాల్వులో సున్నం ఇరుక్కుంది, మార్చేయండి. ఎంత విసుగొచ్చినా ఆ మూతికి బిరడా మాత్రం కొట్టొద్దు. థర్మోస్టాట్, కట్-అవుట్ రెండూ మొరాయించిన రోజున ట్యాంకు పేలకుండా ఆపేది అదొక్కటే.

నట్ల దగ్గర ముక్క తడిస్తే వాషరో, టెఫ్లాన్ టేపో చాలు. పళ్ళెం చుట్టూ ముక్క తడిస్తే గాస్కెట్. ఇవి పావుగంట పని.

అన్నీ పొడిగా ఉండి, డొప్ప అంచు కింద పరిచిన ముక్క తడిసిందనుకోండి, అదీ తుప్పు రంగులో తడిసిందనుకోండి, ఇంక ఆలోచించక్కర్లేదు. నీళ్ళు ట్యాంకులోంచి నురుగులోకి దిగి, నురుగు నాని, డొప్ప అతుకులోంచి బయటికొస్తున్నాయి. మీరు ఆ చుక్క చూసేసరికి చిల్లు పడి ఎన్నాళ్ళయిందో. ఆ తడి వైర్ల దాకా పోతుంది కాబట్టి ఆ రోజునుంచి స్విచ్ వేయకండి. మా సొంత గీజర్ అలాగే పోయింది, కొన్న ఆరో ఏట. దింపేటప్పుడు ఎప్పటికంటే బరువుగా ఉంటే లోపల నీళ్ళు మిగిలాయనుకున్నాను. నీళ్ళు కావు. డొప్ప విప్పితే నురుగు నానబెట్టిన అటుకుల్లా చేతికి ముద్దలు ముద్దలుగా వచ్చింది.

కారకముందే కనిపెట్టడం

ఎర్రనీళ్ళు రాగానే ట్యాంకు తుప్పు పట్టిందని తేల్చేయొద్దు. మనవైపు చాలా బోర్లలో ఇనుము ఉంటుంది. ఆ నీళ్ళు పంపులోంచి తేటగానే వస్తాయి, గాలి తగిలాక ఎర్రబడతాయి. వేడి చేస్తే ఇంకా తొందరగా. అందుకే పరీక్ష ఇలా చేయండి. పొద్దున్నే, ఎవరూ వాడకముందు, రెండు తెల్ల మగ్గులు తీసుకుని ఒకదాంట్లో గీజర్ నీళ్ళు, ఇంకోదాంట్లో గీజర్‌కి నీళ్ళిచ్చే మేడమీది ట్యాంకులోంచి వచ్చే చన్నీళ్ళు పట్టి, గంటసేపు పక్కన పెట్టండి. రెండూ ఎర్రబడితే బోరుదో, పాత ఇనప పైపుదో తప్పు. చన్నీళ్ళు తేటగా ఉండి వేణ్ణీళ్ళే ఎర్రగా, అడుగున గోధుమరంగు నలుసులతో ఉంటే తప్పు గీజర్ లోపలే ఉంది, మూత విప్పాలి.

వేణ్ణీళ్ళు కుళ్ళిన గుడ్డు కంపు కొడితే భయపడిపోతారు గానీ, అది తరచుగా మెగ్నీషియం కడ్డీకీ నీళ్ళలో ఉండే ఒకరకం సూక్ష్మజీవులకీ మధ్య వ్యవహారం. ఒకసారి బాగా కాగనిచ్చి మొత్తం వదిలేసి కడిగితే చాలావరకు పోతుంది. కాగేటప్పుడు టకటకమని చప్పుడు వస్తే సున్నం, మూడో పాఠం మళ్ళీ చూడండి. నీళ్ళలో చెయ్యి పెడితే షాక్ కొట్టినట్టు జిల్లుమంటే మాత్రం ఆ క్షణమే ఎంసీబీ దించేయండి. ఎలిమెంటు పైతొడుగు పగిలి కరెంటు నీళ్ళలోకి దిగుతోంది. ఉప్పునీళ్ళయితే కరెంటుని ఇంకా బాగా మోస్తాయి. ఎలిమెంటు మార్చొచ్చు, ట్యాంకు పారేయక్కర్లేదు. కానీ ఎర్తింగు చూపించి, కరెంటు లీకైతే లైను తెంచేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాకే మళ్ళీ వేయండి.

నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నాయన్నది అందరూ చెప్పే ఫిర్యాదు. దీనికి గడియారం ఉంటే చాలు. 15 లీటర్లు 28 నుంచి 60 డిగ్రీలకి కాగాలంటే సుమారు 0.56 యూనిట్లు కావాలి. 2 కిలోవాట్ల ఎలిమెంటుకి అది 17 నిమిషాల పని, 25 లీటర్లయితే 28 నిమిషాలు. సున్నం పట్టడం వల్ల ఈ టైము పెద్దగా పెరగదు. కరెంటు లాగిన వేడి ఎక్కడికీ పోదు, కాస్త నిదానంగా అయినా నీళ్ళలోకే దిగుతుంది. సున్నం చంపేది ఎలిమెంటుని, తన వేడిలో తనే మాడిపోయేలా చేసి. టైము నిజంగా పెరిగిందంటే ముందు వోల్టేజీ చూడండి. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, ఊళ్ళో మోటార్లు ఒకేసారి తిరిగే తెల్లవారుజామున 230 ఉండాల్సింది 190కి పడితే, 2,000 వాట్ల ఎలిమెంటు 1,365 వాట్లే ఇస్తుంది. 17 నిమిషాలు కాస్తా పాతిక దగ్గరికి పోతుంది. ఇందులో గీజర్ తప్పేమీ లేదు. ధనుర్మాసంలో నాలుగింటికి లేచేవాళ్ళు ఇంకో పది నిమిషాలు ముందు స్విచ్ వేసుకోవాలి, అంతే. లైటు తొందరగా ఆరిపోయి నీళ్ళు గోరువెచ్చగానే వస్తుంటే థర్మోస్టాట్, లేదా దాని గొట్టం చుట్టూ గడ్డకట్టిన సున్నం.

ఇక అసలైన చోటు, మెగ్నీషియం కడ్డీ. కొత్తది వేలంత లావుంటుంది, ఎలిమెంటు పక్కనే బిగించి ఉంటుంది. నీళ్ళు ఇనుము మీద పడకుండా తను కరిగిపోవడమే దాని ఉద్యోగం. ఈ ఉపాయం గీజర్లది కాదు, ఓడలది. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకుల్ని సముద్రం తినేయకుండా వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూశాడు. రాగి నిలిచింది, తగిలించిన ముక్కలు కరిగాయి. (రాగి కరగడం ఆగాక దానికి నత్తలూ నాచూ పట్టి ఓడలు నెమ్మదించాయట, అది వేరే తలనొప్పి.)

కడ్డీ సగానికి పైగా మిగిలితే అలాగే బిగించేయండి. గుంటలు పడి చిక్కిపోతే, మధ్యలో ఇనప తీగ బయటపడితే మార్చండి. తీగ ఒక్కటే మిగిలితే కడ్డీ మారిస్తే సరిపోదు, ఆ తీగ ఎన్నాళ్ళనుంచి అలా ఉందో తెలియదు కదా. ఫోను లైటు వేసి ట్యాంకులోకి చూడండి. పూత ముదురు నీలంగా నిగనిగలాడుతుంటే అదృష్టవంతులు. వెల్డింగు అతుకు వెంబడి, పైపులు లోపలికి దూరేచోట, రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చలు ఉబ్బి కనిపిస్తే కొత్తదానికి డబ్బు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టండి. మూడేళ్ళయినా కడ్డీ కొత్తదానిలా మెరుస్తుంటే సంబరపడకండి, దాని నట్టు వదులై ట్యాంకుతో సంబంధం తెగిందేమో చూడండి.

గీజర్‌కి ఎన్నేళ్ళు ఆయుష్షు అని అడుగుతారు. అది నీళ్ళని బట్టి. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ మన డెల్టాకి కాలవ నీళ్ళున్నాయి. వాటితో నడిచే గీజర్‌కీ, అంతర్వేది, మొగల్తూరు వైపు బోరు నీళ్ళతో నడిచేదానికీ పోలికే లేదు. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపించే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. మా కాలవ నీళ్ళు 200 లోపు, బోరు 1,400 చూపించాయి. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ మేలన్నది 500, వేరే దారి లేకపోతే ఒప్పుకున్నది 2,000. మీటరు కఠినత్వాన్ని విడిగా చెప్పదు, సబ్బు నురగ రాకపోతే అదే చెబుతుంది. కాలవలు కట్టేసిన వేసవిలో బోరు మీదే బతికే ఇళ్ళలో కడ్డీ ఏడాదికోసారి చూసుకోవాలి. కాలవ నీళ్ళయితే రెండేళ్ళకోసారి చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు కదా, మాకేం భయం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఉప్పులోని క్లోరైడు స్టీలునీ వదలదు, అతుకుల దగ్గర సూదిబెజ్జాలు వేస్తుంది.

వారంటీ కార్డు తీసి చూడండి. మొత్తానికి ఒక గడువు, ట్యాంకుకి వేరే గడువు ఉంటుంది, ట్యాంకుకి 5 నుంచి 7 ఏళ్ళు ఇవ్వడం మామూలే. నీళ్ళ కఠినత్వం ఇంత దాటితే వర్తించదన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చదవండి. గడువు లోపల ట్యాంకు కారితే మీరు డొప్ప విప్పకండి, కంపెనీవాళ్ళనే రప్పించండి.

నా లెక్క చెబుతాను. ట్యాంకు కారితే వయసు చూడను, దింపేస్తాను. కారకపోయినా లోపల మచ్చలుబ్బి, ఎనిమిదేళ్ళు దాటి, ఎలిమెంటు కూడా పోతే దానిమీద ఇంక రూపాయి పెట్టను. మచ్చల్లేని ట్యాంకుకి పదేళ్ళయినా ఎలిమెంటు మార్చి వాడతాను. పిన్నిగారిది తొమ్మిదో ఏడు. కడ్డీ వేశాం, వాల్వుకి గొట్టం తగిలించాం, భోగినాడు తలంట్లు దాంతోనే పోసుకున్నారు.

ఈ వారం పని: పేపరు ముక్కల పరీక్ష, రెండు మగ్గుల పరీక్ష చేయండి. కడ్డీ చూసిన రోజు తేదీ, దాని లావు ఎంత మిగిలిందో డొప్ప మీదే మార్కరుతో రాసేయండి. కాగితం మీద రాస్తే పోతుంది. వచ్చే పాఠంలో ఉప్పు బోరు ఉన్న ఇంటికి కొత్త గీజర్ ఎలా ఎంచుకోవాలో, పాతదాన్ని నీళ్ళు చిమ్మకుండా గోడ మీంచి ఎలా దింపాలో చూద్దాం. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఎవరినైనా ఇప్పుడే చూసిపెట్టుకోండి.