చిన్న పిల్లల హోమ్‌వర్క్‌కి ముందు ఒక అరగంట

ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఈ మాట. బడి నుంచి రాగానే "డైరీ తియ్యి" అనకండి. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఏదైనా తిని, అరగంట ఆడుకోనివ్వండి. ఆ తర్వాత రోజూ ఒకే చోట, ఒకే వేళకి కూర్చోబెట్టండి. టీవీ ఆపేయాలి, మీ ఫోన్ కూడా పక్కన పెట్టాలి. చూచిరాత ఒక పేజీ అయ్యాక లేచి నీళ్లు తాగి రానివ్వండి, ఆ తర్వాతే ఎక్కాలు.

వాళ్ల బదులు మీరు రాయకండి. తప్పులుంటే ఉండనివ్వండి, టీచర్‌కి అవి కనిపించాలి. నిద్ర ముంచుకొస్తుంటే పుస్తకం మూసేసి, "ఇంతవరకే చేయగలిగాడు" అని డైరీలో రాసి సంతకం పెట్టండి. మా ఇంట్లో ఈ ఒక్క అలవాటుతోనే రాత్రి ఏడుపులు తగ్గాయి.

కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి వరకు హోమ్‌వర్క్ వద్దంటుంది, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదంటుంది. మీ పాపకి రోజూ గంటలకొద్దీ ఇస్తుంటే పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట నెమ్మదిగా ఎత్తండి.

ప్రవర్తన గురించి కూడా ఒకటి. "అల్లరి చేయకు" అంటే ఆరేళ్ల బిడ్డకి ఏం చేయాలో తెలియదు. "మాట్లాడాలంటే ముందు చెయ్యెత్తు నాన్నా" అనండి. వారానికి ఒక్కటే చెప్పండి, అది చేసిన రోజు వెంటనే మెచ్చుకోండి.