ఫ్రీడ్రిష్ ప్రకృతి చిత్రాన్ని ఎలా చూడాలి

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ (1774–1840) గీసిన ప్రకృతి దృశ్యాలను చూసేవారిలో చాలామంది చూడటం కంటే ముందే అర్థం చెప్పడం మొదలుపెడతారు. ఓడ ఉంటే జీవితయాత్ర, ఎండిన చెట్టు ఉంటే మరణం, శిలువ ఉంటే విశ్వాసం అని లెక్క కట్టేసి తర్వాతి చిత్రానికి వెళ్లిపోతారు. ఆ అర్థాలు తప్పని అనలేం కానీ, వాటితో మొదలుపెడితే చిత్రకారుడి పనితనం కంటికి ఆనదు. కాబట్టి ముందు గీతలనూ కొలతలనూ చూడండి. అర్థం జోలికి తర్వాత వెళ్లవచ్చు. మ్యూజియంలు తమ వెబ్‌సైట్లలో ఉంచిన పెద్ద ఫొటోలు ఇందుకు చాలావరకు సరిపోతాయి.

బెర్లిన్‌లోని ఆల్టె నాట్సియోనాల్‌గాలెరీ అనే మ్యూజియంలో ఉన్న ‘సముద్రతీరాన సన్యాసి’ (1808–1810) మొదటి పాఠానికి అనువైనది. ముందుగా ఆకాశమూ సముద్రమూ కలిసే గీత ఎంత కిందికి ఉందో గమనించండి. 171 సెంటీమీటర్లకు పైగా వెడల్పున్న ఆ చిత్రంలో నాలుగింట మూడు వంతులకు మించి ఆకాశమే ఉంది. దాని కింద నల్లని సన్నటి పట్టీగా సముద్రం, అంతకంటే కింద పాలిపోయిన ఇసుక. ఆ అడ్డపట్టీల మధ్య నిలువుగా ఉన్న ఆకారం సన్యాసి ఒక్కడే, అతడూ నడిమధ్యలో కాక ఎడమవైపుకు జరిగి ఉన్నాడు. మొదట ఆ సముద్రం మీద ఓడలు కూడా ఉండేవని పరారుణ కిరణాల పరీక్షలో తేలింది. ఫ్రీడ్రిష్ వాటిని తీసివేశాడు. ఆ ఖాళీతనం అతడు పనిగట్టుకుని సాధించినదే తప్ప గీయడానికి ఏమీ తోచక మిగిలిపోయినది కాదని దీనివల్ల తెలుస్తుంది. 1810లో బెర్లిన్ అకాడమీలో ప్రదర్శించిన ఈ చిత్రాన్నీ, దీనికి జంటగా గీసిన ‘ఓక్ వనంలో మఠం’ చిత్రాన్నీ ప్రష్యా రాజు కొన్నాడు.

ఇక వీపు మనవైపు తిప్పి నిలబడే మనుషుల సంగతి. హాంబుర్గ్ నగరపు కున్‌స్టహాలె మ్యూజియంలో ఉన్న ‘పొగమంచు సముద్రంపై సంచారి’ (సుమారు 1818) ఫొటో తీసుకుని, బొటనవేలితో ఆ మనిషిని కప్పి చూడండి. రెండు పక్కల నుంచి వాలుగా దిగే కొండగీతలు అతడి ఛాతీ దగ్గర కలుసుకోబోతున్నట్టు కనిపిస్తాయి, కానీ ఆ కలిసే చోటు మాత్రం మీ వేలి కింద ఉండిపోతుంది. వేలు తీసినా అంతే, అతడి ముదురు ఆకుపచ్చ కోటు దానిని దాచేస్తుంది. మనం చూడాలనుకునే చోటుకు సరిగ్గా అడ్డంగా ఒక మనిషిని నిలబెట్టడం ఫ్రీడ్రిష్ చాలా చిత్రాలలో వాడిన ఉపాయం. అతడి ముఖం కనబడదు కనుక ఏ భావంతో చూస్తున్నాడో మనం ఊహించుకోవాల్సిందే.

ఆ కొండశిఖరాన్ని వెతుక్కుంటూ డ్రెస్డెన్ దగ్గరి ఎల్బె ఇసుకరాతి కొండలకు వెళితే సరిగ్గా అదే దృశ్యం మాత్రం దొరకదు. సంచారి కాళ్ల కింది రాయిని ఫ్రీడ్రిష్ 1813లో పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాడు. వేర్వేరు చోట్ల గీసిన మిగతా కొండలను తర్వాత దానితో కలిపాడు. ఆరుబయట శ్రద్ధగా స్కెచ్‌లు గీసుకోవడం, ఏళ్ల తర్వాత గదిలో కూర్చుని వాటిని ఒకే కాన్వాసు మీద కూర్చడం అతడి పద్ధతి. గ్రైఫ్స్‌వాల్ట్ మ్యూజియంలో ఉన్న ఎల్డెనా శిథిలాల చిత్రం ఇందుకు మంచి సాక్ష్యం. ఎల్డెనా మఠం అతడు పుట్టిన గ్రైఫ్స్‌వాల్ట్ పక్కనే, బాల్టిక్ తీరపు చదును నేల మీద ఉంటుంది. చిత్రంలో మాత్రం దాని వెనుక ఎంతో దూరాన ఉండే రీజన్‌గెబిర్గె పర్వతాలు నిలబడి ఉంటాయి. అందువల్ల అతడి చిత్రం చూసేటప్పుడు ‘ఇది ఎక్కడ?’ అని అడగడం కంటే ‘ఏ ముక్క ఎక్కడ అతికింది?’ అని అడగడం మేలు.

ఈ కూర్పు పని జరిగిన గదిని చూడాలంటే అతడి మిత్రుడు గేయోర్గ్ ఫ్రీడ్రిష్ కెర్స్టింగ్ 1811లో గీసిన చిత్రం ఉంది. బోసిగోడలు, వాటికి వేలాడే పాలెట్లు (రంగులు కలుపుకునే పలకలు), స్కేలు, మూలమట్టం, కింది సగం మూసిన కిటికీ తప్ప ఆ గదిలో చెప్పుకోదగ్గ సామాను లేదు. ప్రకృతి చిత్రకారుడి గోడ మీద మూలమట్టమేమిటని ఆశ్చర్యపోయేవారు, అతడి ఓడల తెరచాప కొయ్యలనూ క్షితిజరేఖలనూ మరోసారి చూస్తే సరి.

పేర్లను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ‘మంచు సముద్రం’ (1823–24) చాలాకాలం ‘ఆశ మునిగిన ఓడ’ అన్న పేరుతో చలామణీ అయింది. అసలు అది ఇప్పుడు కనబడకుండా పోయిన వేరే చిత్రానికి చెందిన పేరు. ఈ చిత్రంలో చూపు మొదట మధ్యలో పైకి లేచిన మంచు పలకల మీద పడుతుంది. కుడివైపు ఒరిగిపోయిన ఓడ వెనుకభాగం కాస్త ఆలస్యంగా కనబడుతుంది. ఆ ఆలస్యమే చిత్రానికి ప్రాణమని నా అభిప్రాయం. ఎల్బె నది గడ్డకట్టిన ఒక చలికాలంలో వేసుకున్న మంచు స్కెచ్‌లే దీనికి ఆధారం. ఫ్రీడ్రిష్ బతికుండగా దీనిని ఎవరూ కొనలేదు.

అతడి జీవితాన్ని చివరికి అట్టిపెట్టుకోండి. 1781లో, చిన్నతనంలోనే తల్లి పోయింది. 1787లో తమ్ముడు నీట మునిగి చనిపోయాడు. ఈ రెండు సంగతులు తెలియగానే ప్రతి మంచు ముక్కలోనూ ఆ తమ్ముడినే చూసే ప్రమాదం ఉంది. 1835లో పక్షవాతం వచ్చాక తైలవర్ణాలు దాదాపు ఆగిపోయి, ఎక్కువగా సెపియా (గోధుమరంగు సిరా), నీటిరంగులే మిగిలాయన్నది చిత్రాలను చూడటానికి అంతకంటే పనికొచ్చే సంగతి.

ఈ పద్ధతి పట్టుబడిందో లేదో డ్రెస్డెన్‌లో ఉన్న ‘పెద్ద ఆవరణ’ (1832) మీద పరీక్షించుకోండి. నదీతీరపు నీటి మడుగులు, ఇసుక దిబ్బలు, దూరంగా చెట్ల వరుస, చిన్న తెరచాప పడవ ఒక్కటి. అంతా మామూలుగానే ఉందనిపించాక, దీనిని చూస్తున్న మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో అడగండి. ముందరి నేల భూగోళంలా వంపు తిరిగి కిందికి జారిపోతుంది, కాలు మోపడానికి అడుగున గట్టు కూడా ఉండదు.