ప్రవాసంలో ఉన్న రాజప్రతినిధి కాగితాలు ఎలా చదవాలి: ప్రిన్స్ పాల్ పత్రాలు

యుగోస్లావియా రాజప్రతినిధి ప్రిన్స్ పాల్ (1893–1976) సొంత పత్రాలు న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలోని బఖ్‌మెతెఫ్ ఆర్కైవ్‌లో (రష్యా, తూర్పు యూరప్ పత్రాల భాండాగారం) ఉన్నాయి. చదివేది బట్లర్ లైబ్రరీ ఆరో అంతస్తులో. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు ఇది రైలు దూరమే. మాన్‌హట్టన్‌లో 1వ నంబర్ సబ్‌వే ఎక్కి 116వ వీధి స్టేషన్‌లో దిగితే చాలు. యూనివర్సిటీతో సంబంధం లేనివాళ్లు కూడా ఫొటో గుర్తింపు కార్డు చూపించి పేరు నమోదు చేసుకుని చదువుకోవచ్చు. అయితే పెట్టెలన్నీ ఆ భవనంలోనే ఉంటాయనుకోవద్దు. బయటి గోదాములో ఉన్నవి తెప్పించడానికి రోజులు పడుతుంది. అందుకే ముందు ఆన్‌లైన్ జాబితా చూసి, కావలసిన పెట్టెల నంబర్లు రాసుకుని, అవి ఫలానా రోజుకి సిద్ధంగా ఉంటాయని లైబ్రరీ నుంచి జవాబు వచ్చాకే టికెట్ కొనండి.

పేరు ఒక్క రూపంలోనే వెతికితే సగం దొరకదు. పాల్, పావ్లే రెండూ వెతకాలి. ఇంటిపేరు కరజోర్జెవిచ్‌ను పాత ఇంగ్లిష్ కాగితాల్లో కరగియోర్గెవిచ్ అని కూడా రాశారు. సెర్బియన్ కాగితాలు సిరిలిక్ (రష్యన్ తరహా) లిపిలోనూ ఉంటాయి, లాటిన్ (ఇంగ్లిష్ తరహా) లిపిలోనూ ఉంటాయి. సిరిలిక్ అచ్చు అక్షరాలు వచ్చినంత మాత్రాన చేతిరాత అర్థం కాదు. దాన్ని విడిగా సాధన చేసి వెళ్లండి.

పెట్టె తెరవకముందే ఒక పేజీలో తేదీల పట్టిక తయారు చేసుకోండి. 1934 అక్టోబర్ 9న ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్ హత్య జరిగింది. ఆ తర్వాత బాలరాజు పీటర్ తరఫున పాల్, స్టాంకోవిచ్, పెరోవిచ్ రాజప్రతినిధులయ్యారు. 1939 ఆగస్టు 26న ప్రధాని త్స్వెత్కోవిచ్‌కీ క్రొయేషియన్ నాయకుడు మాచెక్‌కీ మధ్య ఒప్పందం కుదిరింది. 1941 మార్చి 4న పాల్ హిట్లర్‌ను రహస్యంగా కలిశాడు. మార్చి 25న వియన్నాలో యుగోస్లావియా త్రైపాక్షిక ఒప్పందంలో (జర్మనీ, ఇటలీ, జపాన్‌ల కూటమి) చేరుతూ సంతకం చేసింది, 27న బెల్‌గ్రేడ్‌లో పాల్‌పై సైనిక తిరుగుబాటు వచ్చింది, ఏప్రిల్ 6న జర్మనీ దాడి చేసింది. పాల్‌ను ముందు ఏథెన్స్‌కి పంపారు. అక్కడి నుంచి కైరో, ఆ తర్వాత కెన్యాలోని నైవాషా, 1943 నుంచి జొహానెస్‌బర్గ్, చివరికి పారిస్.

తేదీ లేని ఉత్తరం చేతికొచ్చినప్పుడు ఈ పట్టికే ఆధారం. నైవాషా చిరునామా ఉంటే అది 1941కి ముందుది కాదు. అలాగని లెటర్‌హెడ్‌ను గుడ్డిగా నమ్మకండి, పాత కాగితం మిగిలితే మనుషులు వాడేస్తారు. కవరు ఉంటే దాని మీది పోస్టల్ ముద్ర, యుద్ధకాలపు సెన్సార్ ముద్ర అంతకన్నా గట్టి సాక్ష్యం. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ల రష్యన్, సెర్బియన్ ఉత్తరాల్లో ఇంకో చిక్కు ఉంది. రష్యా 1918 దాకా, సెర్బియా 1919 దాకా పాత జూలియన్ క్యాలెండర్ వాడాయి. 1900 ఫిబ్రవరి చివరి దాకా తేడా 12 రోజులు, ఆ తర్వాత 13. పాల్ పుట్టిన రోజు ఒకచోట ఏప్రిల్ 15 అని, ఇంకోచోట 27 అని కనిపించడానికి కారణం ఇదే.

రాజకుటుంబాలవాళ్లు ముద్దుపేర్లతో సంతకం చేస్తారు. బెర్టీ అంటే బ్రిటన్ రాజు ఆరో జార్జి. మరీనా అంటే పాల్ భార్య ఓల్గా చెల్లెలు, కెంట్ డచెస్. చిప్స్ అంటే బ్రిటిష్ ఎంపీ హెన్రీ చానన్. వంశవృక్షం పక్కన పెట్టుకోకుండా కూర్చుంటే, కుటుంబ కబురును దౌత్య సందేశమనుకునే ప్రమాదం ఉంది.

టేబుల్ మీద ఒక్క ఫోల్డర్ మాత్రమే ఉంచండి. పెన్సిల్ తప్ప పెన్ను వాడకూడదు, ఫొటోకి ఫ్లాష్ వాడకూడదు. ప్రతి ఫోల్డర్‌లో మొదటి ఫొటో పెట్టె నంబరు, ఫోల్డర్ పేరు కనిపించే అట్టది కావాలి. ఇది మరిచిపోతే ఇంటికొచ్చాక వందల ఫొటోలుంటాయి గానీ ఏది ఎక్కడిదో చెప్పలేరు, ఫుట్‌నోట్ రాయలేరు. కాగితం వెనక వైపు ఖాళీగా ఉన్నా ఫొటో తీయండి, పెన్సిల్ గుర్తులు అక్కడే దాగుంటాయి. కాగితాల వరుస మాత్రం మార్చవద్దు, తప్పుగా ఉందనిపిస్తే సిబ్బందికి చెప్పండి.

సంతకం లేని కార్బన్ కాపీ దొరికితే, ఆ ఉత్తరం వెళ్లిందని రాయకండి. చిత్తుప్రతిగానే ఆగిపోయి ఉండొచ్చు. అందుకున్నవాళ్ల వైపు సంకలనంలో అసలు దొరికితేనే, లేదా వాళ్ల జవాబు ఉంటేనే ఖాయం.

అన్నిటికన్నా ముఖ్యమైన పని, 1941 మార్చి 27కి ముందు రాసినవాటినీ తర్వాత రాసినవాటినీ వేరు చేసుకోవడం. తిరుగుబాటు వేళ పాల్ స్లొవేనియాకు రైల్లో వెళ్తున్నాడు. జాగ్రెబ్ నుంచి వెనక్కి తిప్పి, రాజీనామా మీద సంతకం చేయించి, ఆ రాత్రే దేశం దాటించారు. అలా బయటపడ్డ మనిషి దగ్గర ఉన్న కాగితాల్లో లేనివాటికీ అర్థం ఉంటుంది. ఫలానా విషయం మీద ఒక్క ఉత్తరం కూడా లేదంటే, ఆ విషయమే జరగలేదని కాదు. పైగా 1945లో కొత్త ప్రభుత్వం ఆయన్ను యుద్ధ నేరస్థుడిగా ప్రకటించింది. ఆ మచ్చ బెల్‌గ్రేడ్ కోర్టు 2011లో తీసేదాకా పోలేదు. కాబట్టి ప్రవాసంలో రాసుకున్న జ్ఞాపకాలను వాదనగా చదవాలి. ఆ రోజున తనకేం తెలుసో అని కాకుండా, తర్వాత ఏం నిరూపించుకోవాలో చూసి రాసినవి వాటిలో ఉండొచ్చు.

దీనికి మంచి పరీక్ష ఒకటుంది. వియన్నా ఒప్పందంతో పాటు జర్మనీ ఇచ్చిన హామీల్లో, యుగోస్లావియా సరిహద్దులను గౌరవిస్తామనీ, సైన్యాన్ని దాని మీదుగా నడపమనీ చెప్పిన రెండు బహిరంగం. సైనిక సాయం అడగబోమన్నదీ, గ్రీకు రేవు సలోనికా గురించినదీ రహస్యం. మార్చి 26న లండన్‌లో రాసిన మామూలు ఉత్తరంలో సలోనికా హామీ ప్రస్తావన కనిపిస్తే ఆగి, తేదీ మళ్లీ చూడండి. సరిపోల్చడానికి బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఎఫ్‌ఓ 371 ఫైళ్లు (బ్రిటిష్ విదేశాంగ శాఖవి), జర్మన్ విదేశాంగ పత్రాల డి శ్రేణి 12వ సంపుటం, బెల్‌గ్రేడ్‌లోని యుగోస్లావియా ఆర్కైవ్ పనికొస్తాయి. టెలిగ్రామ్ అయితే పంపిన సమయం, అందిన సమయం రెండూ రాసుకోండి. ఆ మార్చి వారంలో ఒక్క రాత్రి తేడా మొత్తం అర్థాన్ని మార్చేస్తుంది.

అచ్చు వేసే ఆలోచన ఉంటే కాపీరైట్ సంగతి ముందే తేల్చుకోవాలి. కాగితం ఆర్కైవ్‌ది, వాక్యాలపై హక్కు రాసినవాళ్ల వారసులది. అమెరికా చట్టంలో అచ్చుకాని ఉత్తరాలకు రచయిత మరణం తర్వాత 70 ఏళ్ల రక్షణ ఉంది. పాల్ రాసినవాటికి 2046 చివరిదాకా, 1958లో పోయిన చానన్ రాసినవాటికి 2028 చివరిదాకా. కొద్దిగా ఉటంకించడం వేరు, ఉత్తరం మొత్తం అచ్చేయడం వేరు. రెండోదానికి వారసులకు రాసి, అనుమతి కాగితం మీద తీసుకోండి.