పాత కారు కిందికి దూరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కారుతోపాటు ఇచ్చే పుస్తకాన్ని కొత్త కారును దృష్టిలో పెట్టుకొని రాస్తారు. జాకీ పెట్టమని బొమ్మలో చూపిన చోట రేకు గట్టిగా ఉంటుందని, విప్పమన్న బోల్టు మాట వింటుందని, లాగమన్న రబ్బరు పైపు మెత్తగా ఊడి వస్తుందని ఆ పుస్తకం నమ్మకం. పదిహేనేళ్లు ఎండకు ఎండి వానకు తడిసిన కారు దగ్గర ఈ మూడింటిలో దేనికీ పూచీ లేదు. కాబట్టి పాత కారును ఇంటి దగ్గర సొంతంగా బాగుచేసుకోదలచిన వారు పానా చేతికి తీసుకునే ముందే, ఏ భాగాన్ని ఎంతవరకు నమ్మవచ్చో నింపాదిగా పరిశీలించాలి. పైగా పని జరిగేది షెడ్డులో కాదు, నలుగురు మనుషులు తిరిగే ఇంట్లో అన్న సంగతి చివరి బోల్టు బిగించేదాకా గుర్తుండాలి.

మొదటి జాగ్రత్త రోజును ఎంచుకోవడంలోనే ఉంది. మర్నాడు ఉదయం కారు తప్పనిసరిగా కావలసి ఉంటే ముందు రోజు సాయంత్రం ఏ పనీ మొదలుపెట్టకూడదు. పాత కారులో అరగంట పని అనుకున్నది ఒక తుప్పు బోల్టు విరగడంతో రెండు రోజుల పని అవుతుంది. చీకటి పడ్డాక, ఆకలి మీద, రేపటి ప్రయాణాన్ని తలచుకుంటూ చేసే పనిలోనే వేళ్లు నలుగుతాయి. విప్పవలసిన బోల్టులకు తుప్పు వదిలించే నూనెను ముందు రోజు రాత్రే పట్టించి వదిలేస్తే సగం కష్టం తీరుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఏం చేయబోతున్నారో, ఎంతసేపు పడుతుందో ఇంట్లో ఒకరికి చెప్పాలి. ఎవరూ లేనప్పుడు కారు కిందికి వెళ్లకూడదు. కారు తాళం మీ జేబులోనే ఉండాలి. మీరు బోనెట్ కింద బెల్టు దగ్గర చేయి పెట్టి ఉండగా, సాయం చేద్దామన్న మంచి ఉద్దేశంతో ఎవరైనా ఇంజన్ స్టార్టు చేసే ప్రమాదం ఇంటి దగ్గరే ఎక్కువ. వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు, విడిచిన జుట్టు తిరిగే బెల్టుకు సులువుగా చిక్కుతాయి. రేడియేటర్‌కు ఉండే కరెంటు ఫ్యాను కొన్ని కార్లలో ఇంజన్ ఆపిన తరువాత కూడా వేడికి దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది కనుక దాని దగ్గర పనిచేసేటప్పుడు బ్యాటరీ వైరు తీసి ఉంచడం మంచిది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసినది కారును పైకి లేపడం గురించి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల మీద, ఎండకు మెత్తబడిన తారు మీద జాకీ మెల్లగా కూరుకుపోతుంది, లేదా ఒక పక్కకు ఒరుగుతుంది. హ్యాండ్ బ్రేకు వేశాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ఎక్కువ కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను మాత్రమే. వెనక భాగాన్ని లేపిన క్షణాన ఆ చక్రాలు గాలిలో ఉంటాయి, కారును ఆపే పట్టు పోతుంది. ముందు చక్రాలకు ఇంజన్ బలం అందే కార్లలో ముందు భాగాన్ని లేపితే గేరులో ఉంచడం వల్ల ప్రయోజనమూ అలాగే పోతుంది. అందుకే బ్రేకు, గేరు రెండూ వేసి కూడా, నేల మీద మిగిలిన చక్రాలకు రెండు వైపులా గట్టి చెక్క దిమ్మలను ఆనించి పెట్టాలి. చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసుకోవాలి. లేపిన తరువాత వాటి మీద బలం చూపితే కారు ఊగుతుంది.

పాత కారులో జాకీ ఆనే చోటును ముందుగా తట్టి చూడాలి. తలుపుల కింద ఉండే అంచు రేకును స్క్రూడ్రైవర్ పిడితో కొడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట మొనతో గట్టిగా నొక్కి చూడండి. పెచ్చులు రాలినా, మొన లోపలికి దిగినా అక్కడ జాకీ పెట్టరాదు. ఈ పరీక్ష చేయకుండా ఒకసారి నేను జాకీ తిప్పాను. పైకి చూస్తే నల్లటి పూత నున్నగానే ఉంది. జాకీ లేస్తోంది గానీ కారు లేవడం లేదు. ఒక్క క్షణం అది అర్థం కాలేదు. ఎండుటాకులను పిడికిట్లో నలిపినట్టు చప్పుడు వచ్చి, జాకీ తల రేకులోకి నాలుగు వేళ్ల లోతున దిగిపోయింది. పూత వెనక ఉన్నదంతా తుప్పే. ఆ వేళకు నా చేతులు కారు కింద లేవు. అది తెలివి కాదు, అదృష్టం. అప్పటి నుంచి కారును పూర్తిగా లేపకముందే స్టెప్నీని పడుకోబెట్టి కారు అంచు కిందికి తోయడం అలవాటు చేసుకున్నాను. అన్నీ తప్పినా కారు ఆ చక్రం మీద ఆగుతుంది, మనిషి మీద కాదు.

జాకీ లేపడానికే; మోయడానికి స్టాండ్లు ఉండాలి. నూనెతో పనిచేసే జాకీలో పాత సీలు కారిపోతే బరువు దిగిపోతుంది, కారుతో వచ్చే మర జాకీ పక్క నుంచి చిన్న తోపుడుకే పడిపోతుంది. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు స్టాండ్లకు బదులు కావు, ఎందుకంటే అవి ముందుగా పగులు చూపించి హెచ్చరించవు, ఒక్కసారిగా పొడి అవుతాయి. బరువుకు సరిపడే ఇనుప స్టాండ్లను గట్టి భాగం కింద నిలిపి, జాకీని కొద్దిగా దించి, బరువు స్టాండ్ల మీదికి వచ్చాక కారును పక్క నుంచి రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. పడేది ఉంటే మీరు బయట ఉండగానే పడనివ్వండి.

కింద పడుకున్నాక రెండు విషయాలు మరిచిపోరాదు. పైనుంచి రాలే తుప్పు నేరుగా కళ్లలో పడుతుంది కాబట్టి మామూలు కళ్లజోడు కాక, పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. రెండోది, బిగుసుకున్న బోల్టు మీద బలమంతా పెట్టి లాగితే బోల్టు కదిలే బదులు కారు కదలవచ్చు. బోల్టు తలను ఆరు పక్కలా పట్టే రింగు పానాను వాడి, తనవైపుకు లాగుతూ విప్పాలి. తోయక తప్పకపోతే పిడికిలి బిగించకుండా అరచేతితో తోయాలి, పానా జారితే వేళ్ల కణుపులు దక్కుతాయి. బోల్టును మంటతో వేడి చేయడం మెకానిక్కులు చేస్తారు గానీ పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎక్కడ పోతున్నాయో కళ్లతో చూసుకోకుండా ఇంటి దగ్గర ఆ పని చేయవద్దు.

ఇంట్లో వాళ్లకు నేరుగా ముప్పు తెచ్చేవి కారు నుంచి దించిన ద్రవాలు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. కూలెంట్‌కు కలిపిన రంగూ ఉంటుంది, తియ్యటి రుచీ ఉంటుంది. పిల్లలకు, కుక్కపిల్లకు, పిల్లికి అంతకన్నా ఆకర్షణ అక్కర్లేదు. దించిన కూలెంట్‌ను ఖాళీ నీళ్ల సీసాలో పోసి మెట్ల మీద పెట్టి, పక్కనే నా తాగునీళ్ల సీసా పెట్టుకున్న రోజు ఒకటి ఉంది. రెండూ ఒకే రకం సీసాలు, ఒకే రంగు మూతలు. చేయి చాచి తీసుకున్నది సరైన సీసాయే, కానీ చూడకుండా తీసుకున్నానని తాగిన తరువాత తెలిసింది. తినే, తాగే గిన్నెలూ సీసాలూ ఈ పనికి వాడకూడదు. పేరు రాసిన డబ్బాలో పోసి, మూత బిగించి, పిల్లలకు అందని చోట పెట్టాలి, నేల మీద ఒలికినదాన్ని అప్పటికప్పుడే గుడ్డతో తుడిచి నీళ్లతో కడగాలి. ఎవరైనా ఒక్క గుక్క మింగినా, ఒంట్లో బాగానే ఉందని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వేడి మీద ఉన్న రేడియేటర్ మూత తీయడం గురించి అందరికీ తెలుసు, అయినా ఏటా ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు. ఆవిరి పోని కుక్కర్ మూతను ఎవరూ లాగరు కదా. ఇక్కడా లోపల ఉన్నది ఒత్తిడి మీద నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉన్న నీరే. మూత తీస్తే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగసిపడుతుంది. పై పైపును చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండేదాకా ఆగాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీల వరకు పడిపోవచ్చు. దిగుడు దారిలో బ్రేకులు కాగినప్పుడు పైపులో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి కారణం ఇదే. అందువల్ల ఎప్పుడో తెరిచి అటక మీద పెట్టిన డబ్బాను వాడరాదు. ఇంజన్ ఆయిల్ గానీ మరే నూనె గానీ పొరపాటున అందులో పడితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులు పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ కారు రంగు మీద పడితే రంగు లేస్తుంది, కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి.

వాడిన ఇంజన్ ఆయిల్ పదే పదే చర్మానికి తగలడం మంచిది కాదు; చేతి తొడుగులు వేసుకోవాలి, నూనె గుడ్డను జేబులో దోపుకోకూడదు. వాడిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే వారికి అప్పగించాలి.

బ్యాటరీ దగ్గర వరుస ముఖ్యం. విప్పేటప్పుడు మొదట మైనస్ వైరు, బిగించేటప్పుడు చివరగా మైనస్ వైరు. కారు శరీరమంతా మైనస్‌కు కలిసి ఉంటుంది గనుక, మైనస్ విప్పకుండా ప్లస్ దగ్గర తిప్పుతున్న పానా పక్కనున్న ఇనుముకు తగిలితే షార్టు అయి, పానా ఎర్రగా కాలేంత కరెంటు పారుతుంది. చేతి ఉంగరం, గడియారం ముందే తీసి పెట్టడం అందుకే. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది గాలిలో 4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. కాబట్టి పడకగదిలో, మూసిన గదిలో చార్జింగ్ పెట్టవద్దు. చార్జర్ స్విచ్ ఆపిన తరువాతే క్లిప్పులు తీయాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే బ్యాటరీ మితిమీరి చార్జి అవుతోందని అర్థం, చార్జర్ ఆపి గది తలుపులు తెరవాలి. యాసిడ్ కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్లు పోస్తూ కడిగి, ఆ తరువాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పెట్రోలు విషయంలో కంటికి కనబడని భాగమే ప్రమాదకరం. దాని ఆవిరి గాలికన్నా బరువైనది, నేల వెంట పాకుతూ దూరంగా ఉన్న గ్యాస్ గీజర్ మంట దాకా వెళ్లి అక్కడ అంటుకొని వెనక్కి రాగలదు. గట్టిపడి పగుళ్లు వచ్చిన పెట్రోలు పైపును మార్చే పని ఆరుబయట, చల్లబడిన ఇంజన్ మీద, పక్కన పొడి రకం మంట ఆర్పే సిలిండర్ పెట్టుకొని చేయాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీటితోపాటు పరుగెడుతుంది. పెట్రోలుతో చేతులు, భాగాలు కడుక్కునే అలవాటు చాలామందికి ఉంది. అది మానవలసిన అలవాటు.

మూసిన షెడ్డులో ఇంజన్ నడపడం ఇంకో రకం ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం మొదలయ్యేసరికి మనిషి ఆలోచన కూడా మందగించి ఉంటుంది. తలుపు ఒకటి తెరిచాం అన్నది సరిపోదు. ఇంజన్ నడపాలంటే కారును బయటికి తోయాలి. ఇంటికి ఆనుకొని ఉన్న షెడ్డయితే ఆ పొగ లోపలి గదుల్లోకీ చేరుతుంది.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఎర్రది 10, నీలం 15, పసుపుపచ్చ 20. పదే పదే పోతోందని పెద్దది వేస్తే, పాతబడి పెళుసెక్కిన వైరే ఫ్యూజు అవుతుంది.

కొన్ని పనులు ఇంటి దగ్గర అసలు ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. నొక్కి ఉంచిన సస్పెన్షన్ స్ప్రింగు విడివడితే దాని దెబ్బకు ఎవరూ తట్టుకోలేరు. ఎయిర్‌బ్యాగు భాగాలు, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తొడుగు ఉన్న వైర్లు కూడా ఇదే జాబితాలోవి. బ్రేకుల పని మొదటిసారి చేసేవారు అనుభవం ఉన్న మనిషిని పక్కన పెట్టుకొని చేయాలి. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకూడదు, బాగా పాత కార్ల బ్రేకు పట్టీలలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. కొత్త ప్యాడ్లు బిగించిన తరువాత మొదటిసారి నొక్కితే పెడల్ నేలకు తాకేదాకా దిగిపోతుంది. వెనక్కి నెట్టిన బ్రేకు పిస్టన్లు ఇంకా ప్యాడ్లను చేరకపోవడమే దానికి కారణం. ఇంజన్ స్టార్టు చేయకముందే పెడల్ గట్టిపడేదాకా పదే పదే నొక్కి, బ్రేక్ ఆయిల్ మట్టం చూసుకోవాలి. ఇది మరిచి కారును కదిలించినవారికి మొదటి బ్రేకు గేటు దగ్గర అవసరమవుతుంది, అక్కడ బ్రేకు ఉండదు.

పని ముగిశాక పానాలను లెక్కపెట్టుకోండి. ఒకటి తగ్గితే అది బోనెట్ కిందే ఎక్కడో ఉంటుంది. నూనె అంటిన బట్టలను ఇంట్లో మిగతా బట్టలతో కలిపి ఉతకవద్దు. చక్రం నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించి, కారు నేల మీదికి దిగాక పుస్తకంలో చెప్పిన బలంతో మళ్లీ బిగించాలి. ఒక్కో నట్టు నుంచి చక్రం మీదికి రంగుతో సన్నని గీత గీస్తే, అది వదులైందీ లేనిదీ వంగి చూడగానే తెలుస్తుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఆ గీతలు చూసి, పానా వేసి మరొక్కసారి సరిచూసుకోండి.